మామ్మ ప్రార్థనలో పదిహేను దేశాలు

పోయిన ఆదివారం చర్చి నుంచి వచ్చి చీర మార్చుకోకముందే గేటు చప్పుడైంది. కాకుమాను నుంచి ఒక తండ్రీ కూతురూ వచ్చారు. ఆ అమ్మాయి ప్రసన్న, మా కాలేజీలోనే డిగ్రీ చదివింది. ఉత్తరాదిన ఏదో పెద్ద విశ్వవిద్యాలయంలో అంతర్జాతీయ రాజకీయాల్లో ఎం.ఏ. సీటు వచ్చిందట. పంపాలో వద్దో తేల్చుకోలేక, పాఠం చెప్పినదాన్ని గనక నన్నొక మాట అడిగిపోదామని తండ్రి బాపట్ల దాకా మోటారు సైకిలు మీద తీసుకొచ్చాడు. కుర్చీ అంచున కూర్చుని, మంచినీళ్ల గ్లాసు తాగకుండా చేతిలోనే పట్టుకుని అడిగాడు: "మేడమ్, ఈ చదువు చదివితే చివరికి ఏమవుద్దండి? దేశాలూ దేశాలూ కొట్టుకుంటే మా అమ్మాయికేం పనండి?" పోటీ పరీక్షలు, పత్రికలు, రాయబార కార్యాలయాలు అని నాకు తెలిసినవన్నీ చెప్పి, ఏదీ కాకపోతే నాలాగా పాఠాలు చెప్పుకోవచ్చన్నాను. "మీలాగా అంటే ఫర్వాలేదండి" అని ఆయన అప్పుడు నీళ్లు తాగాడు. కాఫీలయ్యాక ఇద్దరూ సంతోషంగానే వెళ్లారు. నేను మాత్రం చీర మార్చుకోవటం మర్చిపోయి ఆ వరండాలోనే చాలాసేపు కూర్చుండిపోయాను. సరిగ్గా ఆ ప్రశ్నే ఒకప్పుడు ఇదే ఊళ్లో మా నాన్న నన్ను అడిగాడు.

నాన్న బాపట్లలో గుమాస్తా. నేను బి.ఎడ్. చేసి టీచరునైతే చాలునన్నది ఆయన కోరిక. మా ఇళ్లల్లో చదువుకున్న ఆడపిల్ల అంటే టీచరు, లేకపోతే నర్సు. మూడోదొకటి ఉంటుందని ఎవరూ అనుకునేవాళ్లు కాదు. నేను గుంటూరు దగ్గరి విశ్వవిద్యాలయంలో పాలిటిక్స్ ఎం.ఏ.కి దరఖాస్తు పెట్టి, అందులోనూ అంతర్జాతీయ రాజకీయాలు ప్రత్యేకంగా తీసుకుంటానన్నప్పుడు నాన్న అన్నం కలుపుతున్న చెయ్యి ఆపి, "అది చదివి ఎవరికి పాఠం చెప్తావే, అమెరికా వాళ్లకా?" అన్నాడు. ఆ గొడవ తీర్చింది మామ్మ, అంటే నాన్నని కన్నతల్లి. తెనాలిలో ఒక్కతే ఉండేది. సంగతి తెలియగానే పాసింజరెక్కి వచ్చి, చెప్పులు విప్పుతూనే తీర్పు చెప్పింది. "చదవనీరా. తెనాల్లో నా దగ్గరుండి వెళ్లొస్తది. నాకూ వార్తలు విడమర్చి చెప్పే మనిషి కావాలి." మామ్మ నలభై ఏళ్లు చిన్నపిల్లలకి పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఆమె గొంతు పెంచితే ఆఫీసులో పెద్ద గుమాస్తా అయిన నాన్న కూడా మూడో తరగతి పిల్లాడైపోయేవాడు.

అలా ఆ రెండేళ్లూ నా కాపురం తెనాలికి మారింది. ముందు అరుగు, లోపల రెండు గదులు, వెనక వంటిల్లు, ఇంతే ఇల్లు. రైలు స్టేషను దగ్గర కావటంతో రేపల్లె బండి కూత వేస్తే వంటింటి గూట్లో గ్లాసులు సన్నగా మోగేవి. నేను కళ్లు తెరిచేసరికే కాఫీ గింజలు దంచిన వాసన, కుంపట్లో బొగ్గు రాజుకుంటున్న వాసన కలిసి మంచం దగ్గరికి వచ్చేవి. మామ్మ తెల్లచీర కట్టి, పెట్టెలోని కలరా ఉండల వాసనతో అటూ ఇటూ తిరుగుతూ, ఏదో కీర్తన సగం గొంతులో సగం ముక్కుతో పాడుతూ నా క్యారేజీ సర్దేది. కింద గిన్నెలో అన్నం, పైన గిన్నెలో దోసకాయ పప్పో వంకాయో. ఆవకాయ మాత్రం పెట్టేది కాదు. నూనె కారితే పుస్తకాలు పాడవుతాయని ఆమె భయం. నేను రెండు బస్సులు మారి క్లాసుకి చేరేసరికి జడ సగం ఊడిపోయేది. అయినా పుస్తకం మీద ఒక్క మచ్చ పడలేదు.

మామ్మకి రాత్రి ప్రార్థన ఒక ఉద్యోగం లాంటిది. సాయంత్రం రేడియోలో వార్తలు పూర్తిగా విని, చాప పరిచి, కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుని, "ఊఁ, ఇవాళ ఎవరికి దెబ్బ తగిలిందే?" అని అడిగేది. నేను వార్తలకి అర్థం చెప్పాలి, ఆమె దాన్ని దేవుడికి విన్నవించాలి. నేను చేరిన మొదటి ఏడాదే గల్ఫ్ యుద్ధం వచ్చింది. క్లాసులో కొత్తగా నేర్చుకున్నదంతా ఆమె ముందు పరిచేదాన్ని. చమురు, సరిహద్దు, అధికార సమతౌల్యం అంటూ చెప్పుకుపోతుంటే ఓపిగ్గా విని, "ఇంతకీ తప్పెవరిది?" అనేది.

"మామ్మా, మా సబ్జెక్టులో తప్పెవరిదని అడగం. ఎవరి ప్రయోజనాలేంటని అడుగుతాం."

"ప్రయోజనాల కోసం నేను ప్రార్థన చెయ్యలేనే. మనుషుల పేర్లు చెప్పు, ఊళ్ల పేర్లు చెప్పు."

తర్వాత కళ్లు మూసుకుని కువైట్లో పనికెళ్లిన రేపల్లె వైపు పిల్లల దగ్గర మొదలుపెట్టి, ఇరాకులో తల్లులు, ఇజ్రాయెలులో ముసలివాళ్లు, అమెరికా సిపాయిల పెళ్లాలు, ఇలా ఒక్కొక్కరినీ చేయి పట్టుకుని నడిపించినట్టు ప్రార్థన సాగించేది. పేర్లు ఆమె నోట్లో కొంచెం వంకర తిరిగేవి. బాగ్దాదు 'బాగుదాదు' అయ్యేది. ఒక్క దేశాన్ని మాత్రం ఆమె ఎన్నడూ తలచేది కాదు. అది సోవియట్ యూనియన్. అక్కడ భూకంపం వచ్చినా సరే, తలచేది కాదు. ఎందుకని అడిగితే, "దేవుడు లేడని వాళ్లే చెప్పారుగా. పిలవని పేరంటానికి నేనెందుకెళ్లాలి?" అనేది.

ఆ మాట అరుగు మీద కూర్చున్న పున్నయ్య తాతయ్యకి వినపడుతూనే ఉండేది. ఆయనది పక్కిల్లు. పెనుమూడి దగ్గర కృష్ణ ఒడ్డున పొలం ఉన్న రైతు. భార్య పోయాక తెనాలిలో ఒక్కడే వండుకు తినేవాడు. కుర్రతనం నుంచీ కమ్యూనిస్టు. మామ్మని 'అక్కయ్యగారు' అనేవాడు, నాకు తాతయ్య. మామ్మ మొదటిసారి ఆ వీధిలో ఇల్లు తీసుకున్నప్పుడు, మా కులం తెలిసి ఇరుగుపొరుగు మా గుమ్మం తొక్కేవాళ్లు కాదట. పండక్కి మామ్మ పంపిన పిండివంటల పళ్లేలు ముట్టుకోకుండా తిరిగొచ్చేవట. "మంచినీళ్లు ఇప్పించండి అక్కయ్యగారూ" అని నడివీధిలో అందరూ చూస్తుండగా అడిగి, చెంబెత్తి తాగిన మొదటి మనిషి ఈ పున్నయ్య తాతయ్య. ఈ సంగతి మామ్మ నాకు ఒక్కసారే చెప్పింది, అదీ బియ్యం ఏరుతూ, తలెత్తకుండా. తాతయ్య రోజూ సాయంత్రం పేపరు మడిచి చంకలో పెట్టుకుని వచ్చి, మా ప్రార్థన అయ్యేదాకా అరుగు మీదే కూర్చునేవాడు. లోపల 'ఆమేన్' వినిపించగానే బయట ఒక దగ్గు వినిపించేది. లోపలికి వచ్చి కాఫీ తాగుతూ, "ఏమ్మా కరుణా, మీ సారు రష్యా గురించి ఏం చెప్పాడివాళ?" అని నన్ను పట్టుకునేవాడు. అలా విశ్వవిద్యాలయంలో పెట్టే పరీక్షలు చాలవన్నట్టు ఇంట్లో నాకు రోజూ ఇద్దరు పరీక్షాధికారులుండేవాళ్లు.

ఇక మా క్లాసు సంగతి. పట్టుమని పదిహేనుమందిమి కూడా లేము. పుస్తకాలు ఇంగ్లీషులో, మా ఆలోచనలు తెలుగులో. గోడకి ఒక పాత ప్రపంచపటం. దానిలో సోవియట్ యూనియన్ గులాబీ రంగులో సగం గోడ ఆక్రమించి ఉండేది. రెండో ఏడాదిలో ఒక పేపరు మొత్తం ఆ దేశపు విదేశాంగ విధానం మీదే. ఆ పేపరు చెప్పే సారు నెమ్మదైన మనిషి, ఇరవై ఏళ్ల నాటి నోట్సు చూసి చెప్పేవారు. మేము రెండో ఏడాదిలో అడుగుపెట్టగానే ఆ దేశం బీటలు వారటం మొదలైంది. పొద్దున పేపర్లో ఒక రాష్ట్రం విడిపోయిందని చదివి, పదకొండింటికి క్లాసులో ఆ రాష్ట్రం ఎంత గట్టిగా కలిసి ఉందో రాసుకునేవాళ్లం. మాలో ఒకడు ఆగలేక లేచి, "సార్, దేశమే పోయేట్టుంది, ఇంకా ఇది చదవాలాండి?" అన్నాడు. సారు నోట్సులోంచి తలెత్తి, "సిలబస్‌లో ఉందయ్యా. సిలబస్‌లో ఉన్నంతకాలం ఉన్నట్టే" అన్నారు. మేం నవ్వాం. ఆయన కూడా నవ్వారు గానీ, వెనక్కి తిరిగి ఆ పటం వైపు ఒక క్షణం చూశారు.

ఆ డిసెంబరులో క్రిస్మస్‌కి మామ్మ ఎప్పటిలాగే అరిసెలు, కజ్జికాయలు, గులాబీ పువ్వులు చేసింది. ఇంటినిండా బెల్లం పాకం వాసన, నెయ్యి వాసన. అమ్మా నాన్నా బాపట్ల నుంచి వచ్చి పండగ సాయంత్రమే వెళ్లిపోయారు. మర్నాడు పొద్దున రేడియోలో చెప్పారు. ఆ దేశాధ్యక్షుడు రాజీనామా చేశాడు, ఎర్రజెండా దించేశారు, ఇక ఆ పేరుతో దేశం లేదు. నేను వింటూ నిలబడిపోయాను. మామ్మ మాత్రం పండగ హుషారులోనే ఉంది. కాసేపటికి తాతయ్య వచ్చాడు. పేపరు మడత విప్పినట్టు లేదు. ప్రతి ఏడూ క్రిస్మస్ మర్నాడు ఆయన అరుగు మీద కూర్చుని పిండివంటలు తినటం రివాజు. మామ్మ పళ్లెం నిండా పెట్టి ఇచ్చి, నవ్వుతూ అంది: "చూశారా పున్నయ్యగారూ, దేవుడు లేడన్న దేశం సరిగ్గా క్రిస్మస్ నాడే పోయింది."

ఆయన పళ్లెం వైపు చూశాడు. దాన్ని మెల్లగా అరుగు మీద పెట్టాడు. "వస్తానండి అక్కయ్యగారూ" అని లేచి వెళ్లిపోయాడు.

మామ్మ నవ్వు ముఖం మీదే ఆగిపోయింది. పళ్లెంలో గులాబీ పువ్వొకటి కూడా విరగలేదు. ముట్టుకోకుండా తిరిగొచ్చిన పళ్లెం ఆమె అంతకు ముందు చాలా చూసింది, కానీ తాతయ్య దగ్గర్నుంచి ఎప్పుడూ రాలేదు. దాన్ని లోపలికి తెచ్చి, పొయ్యి గట్టు మీద పెట్టి, దానివంక చూస్తూ ఊరికే నిలబడింది. మర్నాడు తాతయ్య ఇంటికి తాళం కనిపించింది. కుప్పనూర్పిళ్లకి పెనుమూడి వెళ్లాడని పాలబ్బాయి చెప్పాడు. నూర్పిళ్లు అయ్యే రోజులు దాటాయి, ఆయన రాలేదు. సాయంత్రం ప్రార్థనలో 'ఆమేన్' అయ్యాక మామ్మ కళ్లు తెరవకుండా ఇంకాసేపు అలాగే కూర్చునేది. బయట దగ్గు వినిపించేది కాదు. అన్నం సగం తిని చెయ్యి కడుక్కునేది. కాఫీ మూడు గ్లాసులకి సరిపడా కలిపి, తర్వాత గుర్తొచ్చి నాలిక కరుచుకునేది.

ఒక శనివారం పొద్దున నేను లేచేసరికి ఆమె చర్చికి కట్టుకునే చీర కట్టుకుని, చేతిసంచితో సిద్ధంగా ఉంది. "పద, రేపల్లె బండికి టైమవుద్ది" అంది.  రేపల్లెలో దిగి, రిక్షా బేరమాడి పెనుమూడి చేరాం. వరి కోసిన చేలల్లో మినుము పచ్చగా పరుచుకుని ఉంది. కృష్ణ అక్కడ చాలా వెడల్పు. అవతలి ఒడ్డు పొగమంచులో ఒక గీతలా ఉంది, రేవులో పడవవాడు దాటేవాళ్ల కోసం కేకలేస్తున్నాడు. తాతయ్య కళ్లం పక్కన పాకలో నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. గడ్డం పెరిగింది. మమ్మల్ని చూసి కంగారుగా లేచాడు.

"ఇంత దూరం ఎందుకొచ్చారండి అక్కయ్యగారూ? కబురు చేస్తే నేనే వచ్చేవాణ్ణిగా."

"పనుండి వచ్చాను" అంటూ మామ్మ మంచం అంచున కూర్చుంది. "ఆ దేశం ముక్కలై పదిహేను దేశాలయిందంటగా. ఆ పదిహేను పేర్లు నాకు కావాలి."

"మీ మనవరాలు చెప్పుద్దిగా."

"అది పుస్తకంలో చూసి చెప్పుద్ది. మీరైతే నోటికి చెప్తారు."

తాతయ్య నావంక చూశాడు. నాకేమీ తెలియదన్నట్టు నేను తల దించుకున్నాను. "పేర్లు దేనికండి?" అన్నాడు.

"రాత్రి ప్రార్థనకి."

"వాళ్లకి అక్కర్లేదన్నారు కదండి మీరు."

"అన్నాను. అప్పుడు వాళ్లు బాగున్నారు." మామ్మ కొంగు సర్దుకుంది. తర్వాత నేను ఆమె నోట ఎప్పుడూ వినని మెత్తటి గొంతుతో అంది: "పున్నయ్యగారూ, పండగ పూట ఒకళ్ల ఇల్లు కూలిందని నేను సంతోషపడ్డాను. ఆ మాట నేననకూడదు. మీ ముఖం చూశాక తెలిసింది."

ఆయన నది వైపు తిరిగాడు. "ఇల్లేనండి" అన్నాడు. "ఎన్నడూ చూడని ఇల్లు. మా చిన్నప్పుడు ఇక్కడే రేపల్లెలో ఒకాయన లాంతరు పెట్టుకుని మాకు పాఠం చెప్పేవాడు. రష్యాలో పాలేరుకీ ఆసామికీ ఒకటే బెంచీ అని. అది విని ఇంటికెళ్లి మా నాయనతో పోట్లాడాను." ఆయన కండువాతో ముఖం తుడుచుకున్నాడు. "అదిప్పుడు లేదంటున్నారు. పోట్లాట మటుకు నిజమేగా."

"మీరు మా ఇంట్లో తాగిన మంచినీళ్లూ నిజమే" అంది మామ్మ.

తర్వాత పాఠం మొదలైంది. ఆయన ఒక్కో పేరు చెప్పటం, ఆమె అప్పజెప్పటం. ఉక్రెయిన్, బైలోరష్యా, జార్జియా, ఆర్మేనియా. కిర్గిజియా దగ్గర ఆమె నాలిక తిరగలేదు. ఎక్కం నేర్పినట్టు ఆయన మళ్లీ మళ్లీ పలికించాడు. లాత్వియా, లిథువేనియా, ఎస్తోనియా మాత్రం ఆయన గబగబా చెప్పేశాడు. ముందుగా విడిపోయింది ఆ మూడే. "చిన్నవి కదండీ, భయపడి ఉంటాయి" అంది మామ్మ. ఆయన ఆ మాటకి నవ్వాడు, ఆ రోజు మొదటిసారి. మధ్యాహ్నం తనే బొచ్చె చేపల పులుసు పెట్టి, అరిటాకులు కోసుకొచ్చి మాకు వడ్డించాడు. మామ్మ సంచిలోంచి కజ్జికాయల డబ్బా తీసి ఆయన ఆకు పక్కన పెట్టింది. ఆయన మూత తీసి తినటం మొదలుపెట్టాడు.

తిరుగు ప్రయాణంలో మామ్మ మరిచిపోతానన్న భయంతో కిటికీ పక్కన కూర్చుని పేర్లు వల్లె వేస్తూనే ఉంది. "ఉజ్బెకిస్తాన్, తుర్కమెనిస్తాన్, తజికిస్తాన్..." ఎదురు బల్ల మీద కూరగాయల గంపతో కూర్చున్న ఒకావిడ చాలాసేపు జాలిగా చూసి, ఉండబట్టలేక అడిగింది: "ఏం జబ్బండి పెద్దమ్మగారూ? ఇన్ని మందులు రాశారు!" నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. మామ్మ ఎంతో గంభీరంగా, "నాకు కాదమ్మా, ఊరికి దూరంగా ఉన్న మా వాళ్లకి" అంది. ఆ తర్వాత ఆదివారం స్త్రీల కూడికలో మామ్మని ప్రార్థించమన్నారు. ఆమె పదిహేను దేశాలనీ ఒక్కటి వదలకుండా, ఆగకుండా చెబుతుంటే, పాస్టరమ్మగారు ఒక కన్ను తెరిచి ఎంతవరకు వచ్చిందా అని చూడటం నేను చూశాను. నేనూ కన్ను తెరిచాననుకోండి. తాతయ్య వారం తిరక్కుండా తెనాలి వచ్చేశాడు. మళ్లీ అరుగు, మళ్లీ పేపరు, మళ్లీ దగ్గు. ఆయన ప్రార్థనకి లోపలికి రాలేదు. ఆమె రమ్మనలేదు.

ఇప్పుడు పెనుమూడి దగ్గర కృష్ణ మీద వంతెన ఉంది. పడవవాడి కేకలు లేవు, కారులో పాట పూర్తికాకముందే అవతలి ఒడ్డుకి చేరిపోతాం. తెనాలిలో ఆ అరుగు రోడ్డు వెడల్పులో పోయింది. మామ్మా తాతయ్యా ఇద్దరూ నిండు వయసులో, ఎక్కువ బాధపడకుండానే వెళ్లారు. ఆ పదిహేను దేశాల్లో రెండు ఇప్పుడు ఒకదాన్నొకటి కొట్టుకుంటున్నాయి. ఆ వార్త పొద్దున కాఫీకన్నా ముందే నా ఫోనులోకి వస్తుంది, కూలిన మేడల బొమ్మలతో సహా. మా కాలేజీ పిల్లలకి ఆ పటాలన్నీ వేలి కొనలో ఉన్నాయి, మేము పడ్డ బస్సుల పాట్లు వాళ్లకి లేవు. అది మంచిదే, నేను కాదనను. ఎక్కడ ఏం జరిగిందో నాకిప్పుడు ఎక్కువే తెలుసు. అయితే సాయంత్రమయ్యేసరికి కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుని, "ఇవాళ ఎవరికి దెబ్బ తగిలిందే?" అని అడిగే మనిషి లేరు. అలా అడిగేవాళ్లుంటే వార్త ఇంకోలా చదువుతాం. ఆ ఊళ్లో వంట ఎలా చేసుకుంటున్నారో, ముసలివాళ్లని ఎవరు మోస్తున్నారో వెతుక్కుంటూ చదువుతాం. నేను తర్వాత క్లాసుల్లో పిల్లలకి సిద్ధాంతాలన్నీ చెప్పాను. ఆ వెతుక్కోవటం మాత్రం ఎలా నేర్పాలో నాకు చాలా ఏళ్ల దాకా తెలియలేదు. ఇప్పటికీ పూర్తిగా తెలుసని చెప్పలేను.

పెనుమూడి వెళ్లొచ్చిన ఆ ఏడు వేసవిలోనే మా ఆఖరి పరీక్షలు. సిలబస్ మార్చటానికి వ్యవధి లేదు గనక ఆ పేపరు అలాగే ఉంటుందని సారు ముందే చెప్పారు. అసలు చిక్కేమిటంటే, ఎలా రాయాలి? లేని దేశం విధానాన్ని 'ఉంది' అని రాయాలా, 'ఉండేది' అని రాయాలా? మా క్లాసులో దీనిమీద పెద్ద వాదన నడిచింది. కొందరు ఉండేది అని రాస్తే పాత పద్ధతిలో దిద్దేవాళ్లు మార్కులు కోస్తారన్నారు. ఇంకొందరు ఉందని రాస్తే పేపరు చదవనివాళ్లమని అనుకుంటారన్నారు. పరీక్షకి ముందురోజు సాయంత్రం నేను అరుగు మీద నోట్సు తిరగేస్తూ ఈ గోడు వెళ్లబోసుకున్నాను. మామ్మ, "నిజం రాస్తే పోలా" అంది. తాతయ్య పేపరు మడిచి పక్కన పెట్టాడు. కొంచెం ఆలోచించి అన్నాడు:

"రేపు ఆ మూడు గంటలన్నా ఉంటది కదమ్మా అది. బాగా రాయి."

మర్నాడు ప్రశ్నపత్రం విప్పితే రెండో ప్రశ్న అదే. సోవియట్ యూనియన్ విదేశాంగ విధానంలోని ముఖ్య లక్షణాలను చర్చించండి. నేను రాయటం మొదలుపెట్టాను. రెండుసార్లు లేచి అదనపు కాగితాలు తీసుకున్నాను. ఇంటికొచ్చేసరికి చీకటి పడుతోంది. తాతయ్య అరుగు మీద లేడు, వీధి మలుపు దాకా ఎదురొచ్చాడు. నా చేతిలోని క్యారేజీ తను అందుకుని, పక్కన నడుస్తూ అడిగాడు.

"వచ్చిందా?"

"వచ్చింది తాతయ్యా."

"ఏమని రాశావు?"

"ఉందనే రాశాను."

ఆయన తల ఊపాడు. ఇంటి దాకా నా క్యారేజీ తనే మోశాడు.